చెప్పకుండా తీసుకుపోయే ప్రణయయాత్రలు

ఈ మధ్య ఒక మిత్రుడు ఫోను చేశాడు. పెళ్లయి ఎనిమిదేళ్లవుతున్న సందర్భంగా భార్యను శని, ఆదివారాలకు హంపి తీసుకువెళ్లాలని సంకల్పించాడట. "తనకి చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం దాకా చెప్పను. నువ్వెప్పుడూ హంపి హంపి అని కలవరిస్తూంటావు కదా, రెండు రోజులకీ గంటల వారీగా ఒక పట్టిక వేసి పంపు. రొమాంటిగ్గా ఉండాలి సుమా" అన్నాడు.

నేను పట్టిక పంపలేదు. పంపకపోగా అరగంటసేపు అతనితో పోట్లాడాను. ఆ పోట్లాటలో సగం అతనికి అర్థం కాలేదు, మిగతా సగం నాకు చెప్పటం చేతకాలేదు. ఫోనులో చెప్పలేనిది రాతలో చెప్పగలనేమోనని ఈ ప్రయత్నం.

నా వాదన ఇది. భార్యకు చెప్పకుండా భర్త తలపెట్టే ప్రణయయాత్రలో ఒకరు యాత్రికులు, రెండోవారు సామాను. చేరవలసిన చోటు, బయలుదేరే వేళ, ఎక్కవలసిన కొండ, తినవలసిన తిండి అన్నీ ముందే నిర్ణయమైపోయి ఉంటాయి. రెండోవారికి మిగిలిన పని సంతోషించటం ఒక్కటే. ఆ సంతోషం కూడా వెంటనే, ముఖాన కనిపించేలా ప్రకటించాలి. లేకపోతే ఇంత శ్రమపడ్డ మనిషి నొచ్చుకుంటాడు. చారిత్రక నగరాల విషయంలో ఈ తప్పు రెట్టింపవుతుంది. సముద్రతీరానికో తేయాకు తోటలకో తీసుకువెళితే కనీసం ఒకచోట కూర్చోవచ్చు. శిథిలనగరం అట్లా కాదు. అది కాళ్లను అడుగుతుంది, ఎండను ఓర్చుకోమంటుంది, ముందు కాస్త చదివి రమ్మంటుంది. ఈ మూడింటికీ ఒకరు సిద్ధపడి, రెండోవారిని సిద్ధపడనివ్వకుండా తీసుకుపోవటం న్యాయం కాదు.

ఈ మాట నేను పైనుంచి చెబుతున్నానని అనుకోవద్దు. ఆ పని చేసినవాణ్ణి కనకనే చెబుతున్నాను.

మా పదో పెళ్లిరోజుకి నేను వెలగబెట్టిన ఘనకార్యమది. మార్చి నెలాఖరు. హైదరాబాదు నుంచి హోసపేటకు రాత్రి బస్సులో రెండు సీట్లు, కమలాపురంలో ఒక గది రహస్యంగా బుక్ చేశాను. పక్షం రోజులు కూర్చుని పట్టిక వేశాను. శనివారం తెల్లవారుజామున మతంగ పర్వతం మీద సూర్యోదయం. దిగి విరూపాక్షాలయం. ఆపైన హేమకూటం, కడలెకాళు గణపతి, కృష్ణాలయం, ఉగ్రనరసింహుడు, బడవిలింగం. మధ్యాహ్నం హజారరామాలయం, మహానవమి దిబ్బ, కమలమహలు, ఏనుగుల శాల. సాయంత్రం విఠలాలయం, సూర్యాస్తమయానికి మాల్యవంతం. ఆదివారం నది దాటి ఆనెగొంది, పంపాసరస్సు, అంజనాద్రి మీది అయిదువందల పైచిలుకు మెట్లు. కాగితం మీద చూసుకుని నాలో నేనే మురిసిపోయాను.

ఆమె కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ శుక్రవారం సాయంత్రం సోమవారంలోగా దిద్ది ఇవ్వవలసిన జవాబు పత్రాల కట్టతో ఇంటికి వచ్చింది. నేను టిక్కెట్లు చేతిలో పెట్టాను. నవ్వింది. ఆ నవ్వు ఆనందమనే అనుకున్నాను. తరువాతి మూడు గంటల్లో ఆమె ఏడు ఫోన్లు చేసింది. ఆదివారం భోజనానికి రావలసిన చెల్లెలికి, పిల్లవాణ్ణి చూసుకోవలసిన మా అమ్మకు, పాలవాడికి, పనిమనిషికి, కాలేజీలో ఇద్దరికి, మళ్లీ చెల్లెలికి. నేను ఒకే ఒక్క ఫోను చేశాను, బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోవటానికి.

మరునాడు మతంగం మెట్లు సగం ఎక్కి ఒక బండ మీద కూర్చుండిపోయింది. "మీరు వెళ్లి చూసి రండి" అంది. ఎండ ఇంకా రాలేదు కదా, ఇంత నీరసమేమిటని మనసులో విసుక్కున్నాను. విరూపాక్షాలయం గోపురం ముందు అసలు విషయం తెలిసింది. "నేను లోపలికి రాను" అని మెల్లగా చెప్పింది. ఆమెకు నెలసరి. ఆ రోజుల్లో గుడికి వెళ్లవచ్చునా కూడదా అన్నది వేరే చర్చ. తను వెళ్లదు, ఆ నిర్ణయం తనది. నేను చేసిందల్లా ఆ తొలిరోజున మార్చి ఎండలో గుడి తరువాత గుడి, కొండ తరువాత కొండ ఎక్కించే పట్టిక వేయటం. ముందుగా అడిగి ఉంటే "వచ్చే వారం పెట్టుకుందాం" అని ఒక్క ముక్కలో తేల్చేసేది. పదేళ్లు కలిసి బతికిన మనిషిని ఆ మాట అడగాలని నాకు తోచలేదు. ఏ శిథిలం ఏ శతాబ్దానిదో నా పట్టికలో ఉంది, శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడుందో లేదు.

ఒక్కణ్ణే లోపలికి వెళ్లాను. ఆ గుడి వెనుక భాగంలో ఒక చీకటి గది ఉంటుంది. గోడకున్న చిన్న రంధ్రం గుండా వెలుతురు వచ్చి, సుమారు యాభై మీటర్ల తూర్పు గోపురం నీడ ఎదుటి గోడ మీద తలకిందులుగా పడుతుంది. కెమెరా పనిచేసే సూత్రమే. పుస్తకాల్లో చదివినప్పటినుంచీ ఆమెకు చూపించాలని ఉవ్విళ్లూరిన వింత అది. నిలబడి చూశాను. "ఇటు చూడు" అనటానికి పక్కన ఎవరూ లేరు. ఆమె బయట బజారు మంటపంలో స్తంభానికి ఆనుకుని, సంచిలో తెచ్చుకున్న జవాబు పత్రాలు దిద్దుకుంటోంది.

ఆదివారం రాత్రి హోసపేట బస్టాండులో అడిగింది, కోపం లేకుండానే: "నాకు హంపి చూపించటానికి తీసుకొచ్చారా, మీరు హంపి చూడటానికి నన్ను తోడు తెచ్చుకున్నారా?"

నా దగ్గర జవాబు లేదు.

ఆ బస్టాండు సంగతి ఒకటి చెప్పాలి. హంపికి వచ్చే జంటలు హోసపేటలో దిగి, ఆటో ఎక్కి, వెనుదిరిగి చూడకుండా పోతారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, శ్రీకృష్ణదేవరాయలు ఒక భార్య మీది ప్రేమతో కొత్త నగరం కట్టించి దానికి ఆమె పేరే పెట్టాడని రాశాడు. ఆ కొత్త నగరమే నాగలాపురం, నేటి హోసపేట. రాయల తల్లి పేరు కూడా నాగలాదేవే కనక అది అమ్మ పేరు మీద కట్టిన ఊరనే వాళ్లూ ఉన్నారు. ఏది నిజమైనా, ఆ ప్రాంతంలో ప్రేమ కోసం కట్టారని ఆ కాలపు మనిషి కాగితం మీద పెట్టిన ఊరు మనం బస్సు దిగే ఊరు. మన ప్రణయయాత్రల పట్టికల్లో దానికి చోటు లేదు.

చోటున్న వాటి సంగతి చూడండి. కమలమహలు, రాణుల స్నానశాల, జనానా ఆవరణ. రాణి ఇక్కడ జలకాలాడేది, రాజు అక్కడినుంచి చూసేవాడు అని చెప్పేవాళ్లు అడుగడుక్కీ దొరుకుతారు. ఈ పేర్లు నగరం పాడుబడిన తరువాతి వాళ్లు పెట్టినవి. అక్కడ రాణులే నివసించారనటానికి గట్టి ఆధారం లేదు. ఏనుగుల శాల పక్కన అంతఃపురం ఎవరు పెట్టుకుంటారని పరిశోధకులు సందేహించారు కూడా. 1565 జనవరిలో తాళికోట యుద్ధం ఓడిపోయాక నెలల తరబడి కొల్లగొట్టబడిన నగరమది. పాయెస్ కంటికి రోమ్ అంతటిదిగా కనిపించిన మహానగరంలో మిగిలిన నాలుగు గోడలకు మనం శృంగారపు పేర్లు తగిలించి, వాటి ముందు జంటగా నిలబడి ఫోటో తీయించుకుంటున్నాం. 2017లో వచ్చిన 50 రూపాయల నోటు మీద విఠలాలయపు రాతిరథం బొమ్మ వేశాక, ఆ నోటు పట్టుకుని రథం ముందు నిలబడటం ఒక ముచ్చట అయింది. తప్పని అనను. ఫోటో కోసం వరుసలో నిలబడ్డ అరగంటను ప్రణయమని లెక్కకట్టటం మీదే నా అభ్యంతరం.

హంపికి తనవైన ప్రేమకథలు లేక కాదు. ఊరి పేరే పంప నుంచి వచ్చింది. శివుణ్ణి వరించి పంప తపస్సు చేసింది, హేమకూటం ఆ కల్యాణానికి సంబంధించిన కొండ అని స్థలపురాణం. నేటికీ విరూపాక్షాలయంలో ఆ పెళ్లి ఏటా జరుగుతుంది. మార్గశిరంలో ఫలపూజ పేరిట నిశ్చయతాంబూలం, చైత్రంలో కల్యాణం, రథోత్సవం. గమనించండి, నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య నెలల వ్యవధి ఉంది. సాక్షాత్తూ విరూపాక్షుడు కూడా పంపాదేవికి సర్‌ప్రైజ్ ఇవ్వటం లేదు. కోరుకున్నది ఆమె, ముహూర్తం అందరికీ తెలుసు.

అంతకన్న వెనక్కి వెళితే ఇది కిష్కింధ. సీతను పోగొట్టుకున్న రాముడు వానాకాలమంతా ఎదురుచూస్తూ గడిపిన చోటు మాల్యవంతమని ఇక్కడివారి నమ్మకం. అంటే ఈ నేల విరహానికి పేరుపడ్డది. ఇక మన రాయలు కావ్యం రాయవలసివస్తే ఎవరి కథ ఎంచుకున్నాడు? శ్రీరంగనాథుణ్ణి తప్ప మరొకరిని పెళ్లాడనన్న గోదాదేవి కథ. 'ఆముక్తమాల్యద' అంటేనే తాను ముడుచుకున్న మాలను స్వామికి ఇచ్చిన పిల్ల. తనకేం కావాలో తనకు తెలిసిన స్త్రీ మీద ఒక చక్రవర్తి తెలుగులో కావ్యం రాసిన ఊరికి, భార్యకు ఏం కావాలో అడగకుండా తీసుకుపోతున్నాం.

ఇక నా మిత్రుడి అభ్యంతరాలకు వస్తాను. ఇవి అతనొక్కడివే కావు.

మొదటిది: "ముందే చెబితే ఆనందమేముంది?" పెళ్లికి వెళ్లే ఆనందం పెళ్లినాడు మొదలవుతుందా? చీర ఎంచుకోవటంలో, ఎవరెవరు వస్తారని చెప్పుకోవటంలో, రైలు టిక్కెట్టు నిలుస్తుందా లేదా అన్న ఆందోళనలో సగం ఆనందం ముందే అనుభవిస్తాం. రహస్య యాత్రలో ఆ సగం అంతా ప్రణాళిక వేసినవాడికే దక్కుతుంది. పదిహేను రోజులు నేను హంపిలో తిరిగాను, ఆమెకు రెండు రోజులే ఇచ్చాను.

రెండోది: "ప్రేమలో లెక్కలేమిటి, ప్రణాళికలేమిటి?" విచిత్రమేమిటంటే ఈ మాట అనేవాడి జేబులోనే గంటల పట్టిక ఉంటుంది. ప్రణాళిక మీద అతనికి పేచీ లేదు, ఇద్దరూ కూర్చుని వేయటం మీదే పేచీ. అలా కూర్చుంటే తన జాబితాలో సగం ఎగిరిపోతుందని లోలోపల తెలుసు.

మూడోది కాస్త బరువైనది: "మా ఆవిడకు సర్‌ప్రైజులంటే ఇష్టం." ఉండవచ్చు. ఉంటే ఆమె నోటితో విన్నారా, ఊహించారా? విని ఉంటే మీరు ధన్యులు, ఈ వ్యాసం మీకోసం కాదు. అయినా పరిమాణం చూసుకోమంటాను. సాయంత్రం వస్తూ మూర మల్లెపూలు తేవటం ఆశ్చర్యమే, నచ్చకపోతే దేవుడి పటానికి వేస్తుంది. ఎదుటి మనిషి జీవితంలోంచి రెండు రోజులు తీసుకునేటప్పుడు మాత్రం అడిగి తీసుకోవాలి. ఇంటి బాధ్యతల్లో ముప్పాతిక భాగం మోసేవారి రెండు రోజులైతే మరీను.

నాలుగో సంగతి అతను ఎత్తలేదు, నేనే ఎత్తాను. ఏకాంతం కోసం మగవాళ్లు ఎంచుకునే చోట్లు ఆడవాళ్లకు ఏకాంతంగానే కనిపిస్తాయా? నా పట్టికలో మాల్యవంతం మీద చీకటిపడేదాకా కూర్చోవటం ఉంది. ఆ కొండ మీద ఆమె పది నిమిషాలకొకసారి వెనక్కి తిరిగి చూసింది. నేను ఆకాశం చూశాను. 2025 మార్చిలో నది ఆవలి వైపున సాణాపురం దగ్గర కాలువ గట్టున రాత్రివేళ నక్షత్రాలు చూస్తూ కూర్చున్న యాత్రికుల మీద దాడి జరిగింది. ఇద్దరు స్త్రీలు అత్యాచారానికి గురయ్యారు. నీటిలోకి తోసివేయబడ్డ పురుషులలో ఒకరు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు మాల్యవంతం మీద ఆమె వెనక్కి తిరిగి చూడటం గుర్తుకు వచ్చింది. హంపికి వెళ్లవద్దని చెప్పటానికి దీన్ని ఎత్తలేదు. ఏ చోట ఏ వేళ దాకా ఉంటే ధైర్యంగా ఉంటుందో ఆమెకు తెలిసినంతగా మీకు తెలియదు, కనక ఆమెనే అడగమని చెప్పటానికి ఎత్తాను.

మేము మళ్లీ వెళ్లాం. మూడేళ్ల తరువాత, ఈసారి డిసెంబరులో. రెండు సాయంత్రాలు భోజనాల బల్ల మీద ఒక కాగితం పెట్టుకుని కూర్చున్నాం. నేను పదకొండు చోట్ల పేర్లు రాశాను, ఆమె ఏడు కొట్టేసింది. "సూర్యోదయాలు వద్దు, ఇంట్లో రోజూ చూస్తున్నాను" అంది. అది ఛలోక్తి కాదు, అయిదింటికి లేచేది ఆమే. కొండ ఒక్కటే, అదీ హేమకూటం, ఎందుకంటే ఎక్కటానికి తేలిక. ఆదివారం ఉదయం ఖాళీ. పుట్టిలో నది దాటాలన్నది ఆమె కోరిక. మహానవమి దిబ్బ వదలనన్నది నా మొండిపట్టు. విఠలాలయానికీ జనానా ఆవరణకూ ఒకే టిక్కెట్టు, అది ఆ రోజుకే చెల్లుతుంది కనక రెంటినీ ఒకే రోజు చూడాలా అని చర్చ వచ్చింది. "డబ్బు గిట్టుబాటు కావాలని పరిగెత్తటమెందుకు, ఒకటి వదిలేద్దాం" అంది. కమలమహలు వదిలేశాం. దానివల్ల ఎవరికీ నష్టం కలగలేదు.

నది ఆవల విరుపాపురగడ్డలో గది తీసుకుంటే ప్రశాంతంగా ఉంటుందని పాత యాత్రావ్యాసాల్లో చదివి ఆ పేరు రాసిపెట్టుకున్నాను. ఆమె వెతికి చూసి, సుప్రీంకోర్టు తీర్పు తరువాత అక్కడి కట్టడాలు 2020లోనే కూల్చివేశారని చెప్పింది. విరూపాక్షాలయం ఎదుటి బజారు మంటపాల్లో తరాలుగా కాపురాలున్నవాళ్లను కూడా 2011 జూలైలో ఖాళీ చేయించారు. మొదటిసారి ఆమె ఆనుకుని కూర్చున్న స్తంభాల మధ్య ఒకప్పుడు కాపురాలుండేవని అప్పుడే ఇద్దరం చదువుకున్నాం. పట్టిక వేస్తూ మాట్లాడుకున్న ఆ రెండు సాయంత్రాలు, యాత్రలోని రెండు రోజులకు తీసిపోవు.

వెళ్లాక ఏం చేశామో చెబితే చాలా తక్కువనిపిస్తుంది. శనివారం విరూపాక్షాలయం నుంచి విఠలాలయం దాకా తుంగభద్ర ఒడ్డున నడిచాం, రెండు కిలోమీటర్లు ఉంటుంది. నది మలుపు తిరిగే చక్రతీర్థం దగ్గర కోదండరాముడి గుడి మెట్ల మీద గంటసేపు కూర్చున్నాం. పుట్టి ఎక్కాం. బుట్టల్లా గుండ్రంగా ఉండే ఈ పడవలనే, వెదురుతో అల్లి తోలు కప్పిన వాటిని, పాయెస్ కూడా చూసి రాశాడు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను, ఆమె నీళ్లలో చెయ్యి పెట్టి ఉంది, ఊరుకున్నాను. సాయంత్రం హేమకూటం, వెలుతురు ఉండగానే దిగటం.

ఆదివారం మధ్యాహ్నానికి ముందు హజారరామాలయం. నేను పదిసార్లు చదివిన గుడి అది. బయటి ప్రాకారం మీద ఏనుగులు, గుర్రాలు, నాట్యకత్తెల వరుసలు ఏ ఉత్సవాన్ని సూచిస్తాయో గడగడా చెప్పగలను. గుడి గోడల మీద చుట్టూ చెక్కిన రామాయణం మాత్రం నాకు బొమ్మల వరుసగానే కనిపించేది. ఆమె గోడను తాకకుండా వేలు చూపిస్తూ ఒక్కొక్క ఘట్టం చెప్పుకుంటూ గుడి చుట్టూ నడిచింది. వాళ్ల నాయనమ్మ దగ్గర విన్న కథ అది, నాకు తెలియని పిట్టకథలతో సహా. నేను వెనకాల నడిచాను. ఆ గంటన్నరకు పట్టికలో మేము కేటాయించింది ఇరవై నిమిషాలు. మహానవమి దిబ్బకు వేళ చాలలేదు. నా మొండిపట్టు అట్లా చెల్లింది. రెండుసార్లు వెళ్లిన హంపిలో నాకు బాగా గుర్తున్నది ఆ గోడే.

ఇది చదివే మగమహారాజులకు నా విన్నపం చిన్నది. దాచిన టిక్కెట్టు బయటపెట్టండి. తేదీ ఆమెను అడగండి. మీ జాబితా ఆమె చేతికిచ్చి, కలం కూడా ఇవ్వండి. ఎన్ని కొట్టేసినా నోరు మెదపకండి. నాలుగున్నర శతాబ్దాలుగా శిథిలమై నిలిచి ఉన్న నగరం మీకోసం మరో ఏడాది ఆగుతుంది.

నా మిత్రుడు నిన్న మళ్లీ ఫోను చేశాడు. భార్యకు చెప్పేశాడట. ఆవిడ హంపి వద్దందట. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారితో వెళ్లిన బీదరు కోట మళ్లీ చూడాలని ఉందట, అదీ ఈ నెల కాదు, పిల్లల పరీక్షలయ్యాక. "ఇన్నేళ్లలో బీదరు మాట నాకెప్పుడూ చెప్పలేదేమిటి?" అని వాపోయాడు.

అడిగావా అన్నాను.